అక్క పట్టిన ఖాళీ నిమిషాలు

ఇందుమూలంగా సభికులందరికీ తెలియజేయడమేమనగా, మూడో వరుసలో ఎడమ నుంచి రెండో కుర్చీకి ఒక కాలు పొట్టి. అందులో కూర్చున్న పెద్దమనిషి ఊగుతున్నది నిద్రతో కాదు, కుర్చీతో. టీ తలా ఒక గ్లాసు మాత్రమే. రెండో గ్లాసు కోసం కళ్ళతో సైగలు చేస్తున్నవారు నా ప్రసంగం ముగిసేదాకా ఓపిక పట్టవలెను. (నవ్వులు)

ప్రకటన అయింది కనుక మర్యాదల్లోకి వస్తాను. అధ్యక్షత వహించిన మా మేనేజరు గారికి, వేదిక మీది పెద్దలకు, మా డాక్యుమెంటరీల్లో కనిపించి ఇవాళ పిలవగానే పనులు మానుకుని వచ్చిన అక్కలకూ అన్నలకూ, ముందు వరుసలో మెడ చాచి కూర్చున్న మా బావగారికీ నమస్కారాలు. బావా, దండ అక్కకి. నీ మెడ వెనక్కి తీసుకో. (నవ్వులు)

నేను చదివింది ఎనిమిది, అదీ నన్ను మళ్ళీ భరించలేక మాష్టారు పాస్ చేస్తేనే. ఇరవై రెండేళ్ళుగా నా ఉద్యోగం ఒక్కటే: పొడుగాటి కర్ర చివర మైకు కట్టి, రెండు చేతులా పట్టుకుని, మాట్లాడేవాళ్ళ తల మీదుగా చాచి నిలబడటం. ఆ మైకులో పడ్డదాన్ని హెడ్‌ఫోన్ పెట్టుకుని విని రికార్డు చేసేది ఇవాళ రిటైరవుతున్న మా అక్క. తోడబుట్టకపోయినా, తోడబుట్టినవాళ్ళు కూడా తిట్టనన్ని తిట్లు తిట్టింది. తిట్టదూ మరి? మైకులో పిల్లిలా అరిచాను, బ్యాటరీలు దాచాను, పెద్ద దర్శకుడు గంభీరంగా మాట్లాడుతుంటే గురక పెట్టాను.

మేం తీసేది మామూలు మనుషుల కథలు. చెత్తకుప్పను కూరగాయల తోట చేసిన ఆవిడ, మూసేసిన బడిని తెరిపించిన కండక్టరు, అలాంటివాళ్ళవి. ఎక్కడికెళ్ళినా, అంతా అయ్యాక, అక్క చెయ్యెత్తి అందరినీ ఒక నిమిషం కదలకుండా నిలబెడుతుంది. ఆ చోటు నిశ్శబ్దాన్ని రికార్డు చేస్తుంది, మాటల మధ్య సందుల్లో అతకడానికి. దాన్ని ఖాళీ నిమిషం అంటుంది. చూడ్డానికి అన్ని చోట్లా ఏమీ ఉండదు గానీ, వింటే ఏ రెండూ ఒకలా ఉండవు. ఖాళీ బడిది ఒకలా, పిల్లలు ఇప్పుడే బయటికెళ్ళిన బడిది ఇంకోలా. నాకు వినిపించి తేడా చెప్పమనేది. తేడా నాకూ తెలిసేది గానీ, పళ్ళికిలించేవాణ్ణి.

తొమ్మిదేళ్ళ కిందట కుళాయిలు బాగుచేసే తాత మీద సినిమా తీశాం. పనికెళ్ళే ముందు, రోజూ పొద్దున్నే, ఇంటి వెనక మురుగు కాలువలోంచి బురద తోడేవాడు. తోడటం, గట్టు మీద పొయ్యడం, బకెట్ అడుగున అంటుకున్నది రాలేలా రాతి మీద రెండుసార్లు కొట్టడం. ఠక్, ఠక్. "తాతా, కాలువలో లంకెబిందెలున్నాయా?" అని వీధంతా వెక్కిరించింది. "ఉన్నాయిరా, అడుగున నీళ్ళున్నాయి" అనేవాడు. తాత మొదలెట్టిన ఆరేళ్ళకి వీధంతా బకెట్లు పట్టుకుంది. ఎగువన బట్టల రంగుల షెడ్డువాడు కాలువలోకి మురికి వదలడం మానాడు. నీళ్ళు కనపడ్డాయి. తాత మాత్రం మా చివరి రోజు షూటింగుకి వారం ముందు పోయాడు.

ఆ చివరి రోజు, ఎండ బాగా ఉన్న పొద్దుటిపూట, వీధివాళ్ళని దూరం పంపి, గట్టు మీద మేం నలుగురం ఖాళీ నిమిషానికి నిలబడ్డాం. పిట్ట కూడా కదల్లేదు. సరిగ్గా సగంలో అక్క కళ్ళు తెరిచి, రాతి వైపు తిరిగింది.

ఆఫీసులో వేసి విన్నాం. నీళ్ళలో బకెట్ మునిగింది. లేచింది. ఒలికింది. ఠక్, ఠక్.



"ఎవరో నీళ్ళు తోడుతుంటే కనిపించలేదామ్మా?" అన్నారు మేనేజరు గారు. "ఎవరూ లేరండీ, నా కళ్ళతో చూశాను" అంది అక్క. "అయితే చెవులైనా పోయి ఉండాలి, కళ్ళైనా పోయి ఉండాలి. విశ్రాంతి తీసుకోండి" అన్నారు. గుర్తుందాండీ? టేబుల్ మీద అక్కని ఇంటికి పంపే కాగితం కూడా సిద్ధమైంది. చేతిలో పని ఎవరో లాగేసుకున్న మనిషిలా నిలబడిపోయింది అక్క.

అప్పుడు నేను చెయ్యెత్తాను. "సార్, ఆ బకెట్ నేనే. అక్క వెనక నిలబడి సరదాకి చేశాను." నన్ను తెలిసినవాళ్ళెవరికీ అనుమానం రాలేదు. నాకు నెల జీతం కోత, అక్కకి ఉద్యోగం. ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు. మాట్లాడాక ఒక షరతు పెట్టింది: ఇక ఖాళీ నిమిషంలో కర్ర స్టాండుకి కట్టాలి, నేను తన ఎదురుగా రెండు చేతులూ పైకెత్తి నిలబడాలి. తొమ్మిదేళ్ళుగా దొంగలా అలాగే నిలబడ్డాను.

ఇవాళ అక్కకి శాలువా వద్దట. ఈ హాలు ఖాళీ నిమిషం కావాలట. హెడ్‌ఫోన్ పెట్టుకో అక్కా. ఫ్యాన్లు ఆపండి. ఊగే కుర్చీ పెద్దాయనా, మీరు లేచి నిలబడండి. ఇవిగో నా చేతులు.

(ఒక నిమిషం)

ఏంటక్కా, అలా చూస్తున్నావ్? నా చేతులు పైనే ఉన్నాయిగా. ఏం విన్నావో నేనడగను. నాది మాత్రం ఒకటి చెప్పాలి.

ఆ బకెట్ సంగతి పచ్చి అబద్ధం. ఆ రోజు గట్టు మీద మైకు కర్ర పట్టుకున్నది నేను. రెండు చేతులా. బకెట్ పట్టుకోవడానికి మూడో చెయ్యి ఎక్కడిది? ఇంతమంది చదువుకున్నవాళ్ళు, ఒక్కరూ అడగలేదు. వారంగా ఎండిన తాత బకెట్‌ని సినిమాలో చూపించమని ఆ పొద్దున వాళ్ళావిడ ఇస్తే, తాళం వేసిన మన వ్యాన్‌లో సీటు కింద పెట్టాను. తిరిగొచ్చి తీస్తే, అడుగు తడిగా ఉంది.

నీ చెవులూ బాగానే ఉన్నాయి, కళ్ళూ బాగానే ఉన్నాయి. ఎవరూ లేరన్నావు చూడు, అదే నిజం. నీ ఉద్యోగం కాపాడి, నీ నిజాన్ని నేను తినేశాను. క్షమించు.

విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. అక్కా, చేతులు దించుతున్నాను. సెలవు.