ఖుర్దాద్ నెల రశీదు
(శ్రీ ఇస్రాయేలు గారి పదవీ విరమణ శుభ సందర్భంగా)

1989 జూన్ 12, సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు శ్రీ ఇస్రాయేలు గారు నల్గొండలోని మన శ్రీ రంగధామ ఆముదం మిల్లులో దినకూలీ హమాలీగా ప్రవేశించారు. అదే రోజు పది గంటలకు, అదే గేటులోంచి, బి.కాం. పట్టా చంకన పెట్టుకొని గుమాస్తాగా ప్రవేశించిన మరొక వ్యక్తి అమరేందర్. నేడు మేనేజరు హోదాలో మన మిల్లు ప్రత్యేక సంచికకు ఈ అభినందన వ్యాసం రాసే బాధ్యత ఆ అమరేందర్ మీదనే పడింది గనుక, సభామర్యాద పాటించి తన గురించి తానే మూడో మనిషిగా రాసుకుంటున్నాడు. ముప్పై ఆరేళ్ల పాటు ఒకరు "సార్" అంటూ వచ్చారు, మరొకరు "ఏం ఇస్రాయేలూ" అంటూ వచ్చారు. ఆ పేరు చివర "గారు" చేర్చడం అమరేందర్‌కు ఇదే మొదటిసారి.

కట్టంగూర్ వాస్తవ్యులైన ఇస్రాయేలు గారు నిరుపేద కుటుంబంలో జన్మించారు. మాతృమూర్తి నాగులమ్మ గారు మన మిల్లులోనే ఆముదం కాయలు ఒలిచి బిడ్డలను పోషించారు. ఇస్రాయేలు గారు మొదట గింజల బస్తాలు మోశారు, తరువాత రికార్డు గదికి కాగితాల మూటలు మోశారు. అప్పటికి ఆ గదిలో ఉర్దూ చదవగలిగిన వృద్ధ మున్షీ ఒక్కరే ఉండేవారు. నిజాం కాలపు పుస్తకాలన్నీ ఆ లిపిలోనే ఉండేవి. తన తరువాత వాటిని చదివే దిక్కుండదని బెంగపడి, ఆయన ముందుగా అమరేందర్‌నే పిలిచి నేర్పుతానన్నారు. "గా కాలం పోయింది సాబ్, గిప్పుడు గా చదువుతోని నాకేం పని?" అని అమరేందర్ నవ్వి వెళ్లిపోయాడు. మూట దింపుతూ ఆ మాట విన్న ఇస్రాయేలు గారు, "నాకు నేర్పుండ్రి సాబ్" అన్నారు. రెండు వానాకాలాలు గడిచేసరికి ఆయన పాత రశీదులు గడగడా చదవసాగారు. 1996లో యాజమాన్యం ఆయనను రికార్డు సహాయకునిగా నియమించినప్పుడు అమరేందర్ ఆ పూట అన్నం సరిగా తినలేదు. ఆ చదువు మొదట తన చేతికి అందివచ్చినదే గదా!

ఆ గదిని ఇస్రాయేలు గారు సంరక్షించిన తీరు మన పరిశ్రమకే తలమానికం. ప్రతి పుస్తకానికీ ఎర్ర గుడ్డ చుట్టి, పురుగు పట్టకుండా మడతల్లో వస కొమ్ములు పెట్టి, మూట మీద సంవత్సరమూ విషయమూ తెలిపే చీటీ అంటించి, ఏడాదికొకసారి అన్నింటినీ విప్పి నీడపట్టున గాలికి ఆరబెట్టేవారు. ఎండలో వేస్తే తొందరగా ఆరవా అని అడిగినవారికి, "ఎండకు కాగితం పెళుసెక్కుతది, పట్టుకుంటే పొడైతది" అని చెప్పేవారు. ఏ మూలన ఏ మూట ఉందో ఆయనకు కళ్లు మూసుకున్నా తెలిసేది. కొలువులో పెద్దవాడు అమరేందర్. పొరుగూళ్ల నుంచి వచ్చిన పెద్దమనుషులు మాత్రం నేరుగా రికార్డు గది ఎక్కడని అడిగేవారు. ఒళ్లు మండదా మరి?

తెలంగాణ రాష్ట్రం సిద్ధించిన తరువాతి సంవత్సరం, 2015లో జరిగిన ఒక చిన్న సంఘటనను ఇక్కడ ప్రస్తావించడం సముచితం. నాగులమ్మ గారు అప్పటికి బాగా వృద్ధులు. కొడుకు పనిచేసే గది చూడాలని వచ్చారు. ఇస్రాయేలు గారు తల్లిని స్టూలు మీద కూర్చోబెట్టి, 1971 నాటి కూలీల హాజరు పుస్తకం తెరిచి ఒక వేలిముద్ర చూపించారు.

"గిది నీదే, అవ్వా."

ఆమె ముద్ర పక్కన తన బొటనవేలు పెట్టి చాలాసేపు చూశారు. "గప్పుడు గీతలు మంచిగుండె బిడ్డా. ఆముదం కాయలు ఒలిచి ఒలిచి గిప్పుడు అరిగిపోయినయి" అన్నారు.

సంతకం కోసం ఫైలు పట్టుకొని గుమ్మంలో నిలబడ్డ అమరేందర్ ఇదంతా చూశాడు. అతని తాత నలభై ఏళ్లు బండ్ల కొద్దీ ఆముదాలు ఈ మిల్లుకే తోలాడు, కాని అవన్నీ మధ్యలోని అడ్తిదారు పేరు మీదే నమోదయ్యాయి. ఆ గదంతా వెతికినా అమరేందర్ ఇంటి పేరు ఒక్క కాగితం మీద కూడా దొరకదు. చూసినవాళ్లకు కళ్లు చెమర్చే ఘట్టమది. అమరేందర్‌కు మాత్రం కడుపు రగిలింది. ఆ వారమే అతడు యాజమాన్యానికి ఒక నోటు పెట్టాడు: పాత రికార్డు వల్ల ప్రయోజనం శూన్యమనీ, గది ఖాళీ చేయిస్తే కంప్యూటర్లు పెట్టుకోవచ్చుననీ. ఆ నోటుకు కారణం కంప్యూటర్లు కావని ఇప్పుడు ఒప్పుకోవడానికి అతనికి అభ్యంతరం లేదు.

నోటు పరిశీలనలో ఉండగానే 2016 వచ్చింది. మిల్లు గేటు మీది రాతిలో ఉర్దూ అంకెల్లో "1334" అని చెక్కి ఉంది. అమరేందర్ ఎవరితోనో ఆ అంకెలు చదివించుకొని, ఉర్దూ గనుక హిజ్రీ సంవత్సరమే అయి ఉంటుందని తేల్చి, ఫోనులో లెక్క చూసి, మిల్లు 1916లో పుట్టిందని ప్రకటించాడు. శతజయంతి జరపాలని ఎండీ శ్రీ వెంకటేష్ గారికి విన్నవించి, తానే కన్వీనరయ్యాడు. పక్క గదిలో ఉన్న ఇస్రాయేలు గారిని ఒక్క మాట అడిగితే పోయేది. అడగడానికి నామోషీ అడ్డొచ్చింది.

ఉత్సవం ఇంకా ఐదు రోజులుందనగా ఇస్రాయేలు గారు అమరేందర్‌ను రికార్డు గదికి పిలిచారు. చేతిలో పసుపుబారిన కాగితం.

"సార్, జర గిది చూడుండ్రి. మిల్లుల మొదటి యంత్రం దిగిన దినం రాసిచ్చిన రశీదు."

"ఏమున్నది ఇండ్ల?"

"సంవత్సరం పదమూడు వందల ముప్పై నాలుగే. నెల ఖుర్దాద్ అని ఉన్నది. హిజ్రీల ఖుర్దాద్ అనే నెలనే లేదు సార్. గిది ఫసలీ, నిజాం సర్కారు శిస్తు లెక్కలకు వాడిన సాలు. అంటే పందొమ్మిది వందల ఇరవై అయిదు, ఏప్రిల్ నెల. నూరేండ్లు నిండనికి మనకింక తొమ్మిదేండ్లున్నయి."

అమరేందర్ గది తలుపు దగ్గరగా వేశాడు. "కార్డులు పంచినం, రాయి చెక్కిచ్చినం, ఆదివారం ఫంక్షన్. ఖుర్దాద్ సంగతి ఎవనికి దెల్వది? మూట గట్టి లోపల పెట్టు."

"పెడ్త సార్. పారెయ్య మాత్రం."

ఉత్సవం దివ్యంగా జరిగింది. అమరేందర్‌కు శాలువా కప్పారు, మూడు నెలలకే మేనేజరును చేశారు. గది ఖాళీ చేయించే మాట ఎత్తబోయినప్పుడల్లా అతనికి ఆ రశీదున్న మూట గుర్తొచ్చేది; మూటలు కదిలిస్తే అది బయటపడుతుందని భయం. చివరికి తన నోటును తానే వెనక్కి తీసుకున్నాడు.

2018లో భూ రికార్డుల సవరణ సమయంలో మన ఉత్తరపు గోదాము స్థలం పత్రాల్లోంచి తప్పిపోగా, యాజమాన్యమంతా తలలు పట్టుకు కూర్చున్న వేళ, ఇస్రాయేలు గారు పావుగంటలో హద్దులు గీసిన పాత నక్షా తెచ్చి బల్ల మీద పరిచి స్థలాన్ని నిలబెట్టారు. "ఇస్రాయేలు ఉండంగ మనకేం ఫికర్" అని వెంకటేష్ గారు అందరి ముందూ అన్నారు. ఆయనకు రికార్డు అధికారి హోదా ఇవ్వాలని ఫైలు కదిలింది. అమరేందర్ ఆ ఫైలు మీద సంతకం చేశాడు గాని, కలం కదలడానికి రెండు రోజులు పట్టింది.

ఆ హోదా రాలేదు. 2019లో ఒక కళాశాల అధ్యాపకుడు మిల్లు చరిత్ర మీద పరిశోధనకు వచ్చాడు. అడిగినవారికి కాగితం లేదనడం ఇస్రాయేలు గారికి చేతకాదు. ఆ అధ్యాపకుడు ఖుర్దాద్ రశీదు చూసి, తొమ్మిదేళ్ల ముందే శతజయంతి జరుపుకున్న మిల్లు అంటూ పత్రికలో రాశాడు. ఊరంతా నవ్వింది. వెంకటేష్ గారు ఇద్దరినీ పిలిపించి, "గప్పుడు రికార్డు రూమోళ్లు చూడలేదా?" అని అడిగారు. అమరేందర్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఇస్రాయేలు గారు తల వంచుకొని, "నేనే చెప్పాల్సి ఉండె సార్" అన్నారు. రశీదు తప్పు చదివింది ఆయనేనని మిల్లంతా అనుకుంది, హోదా ఫైలు పక్కకు పోయింది. మరుసటి వారం బస్టాండులో ఇస్రాయేలు గారి సతీమణి మల్లిక గారు అమరేందర్‌కు ఎదురుపడ్డారు.

"మా ఆయన ఏదో తప్పు చదివిండంట గదా సార్? మనిషి సరిగ నిద్ర పోతలేడు."

"ఐతయమ్మా గట్ల" అన్నాడు అమరేందర్. ఆ నాలుక ఎట్లా తిరిగిందో అతనికి నేటికీ తెలియదు.

ఈ నెల, అంటే 2025 ఏప్రిల్‌లో, మిల్లుకు నిజంగా నూరేళ్లు నిండుతున్నాయి. ఈ నెల ముప్పైనే ఇస్రాయేలు గారు సహాయకుని హోదాలోనే విరమిస్తున్నారు. పోయిన వారం అమరేందర్ రికార్డు గదికి వెళ్లి, ఆరేళ్లుగా గొంతులో అడ్డం పడ్డ ప్రశ్న అడిగాడు. "ఆ రోజు నా పేరు ఎందుకు చెప్పలే?"

ఇస్రాయేలు గారు మూట కడుతూనే జవాబిచ్చారు. "చెప్తే మీ కొలువు పోతుండె. మీ జాగల ఇంకొకడు వస్తుండె. వాడు గీ రూం ఖాళీ చేయిస్తుండెనో ఏమో. మీరైతే గా రశీదు యాదికొచ్చి గిటు దిక్కు రాలే. గంతే సాలు నాకు."

"మల్లికమ్మకన్న చెప్పక పోతివా?"

"ఆమెకు చెప్తే ఊకుంటదా? తెల్లారి మిల్లు గేటు కాడ నిలబడుతుండె."

ఇన్నాళ్లూ ఆయన తనను కాపాడారని అమరేందర్ అనుకున్నాడు. కాపాడింది గదిని. అమరేందర్ భయాన్ని కూడా ఆయన ఒక మూటలా కట్టి, పనికొచ్చే చోట పెట్టుకున్నారు. ఆ తెలివికీ, ఆ ఓపికకూ అతనికి మళ్లీ అసూయ కలిగింది.

"సంచికల రాస్త" అన్నాడు.

"రాస్తే రాయుండ్రి" అన్నారు ఇస్రాయేలు గారు. "తారీకు మాత్రం సక్కగ రాయుండ్రి సార్."

కనుక సక్కగానే రాస్తున్నాడు. 2016 మే 17, మంగళవారం సాయంత్రం నాలుగు గంటలకు, మిల్లు రికార్డు గదిలో, శ్రీ ఇస్రాయేలు గారు రశీదును సరిగా చదివారు, సరిగా చెప్పారు. అమరేందర్ విన్నాడు, దాచిపెట్టాడు. మల్లికమ్మ గారూ, మీ ఆయన తప్పు చదవలేదు. ఆనాడు పక్కన పెట్టిన ఫైలును ఈ ముప్పైలోగా బయటికి తీయాలని ఎండీ గారికి ఈ సంచికా ముఖంగానే మనవి.

శ్రీ ఇస్రాయేలు గారు సతీసమేతంగా, పిల్లాపాపలతో, కంటిచూపు తగ్గకుండా, మోకాళ్లు నొవ్వకుండా నిండు నూరేళ్లు చల్లగా ఉండాలని అమరేందర్ మనసారా కోరుకుంటున్నాడు. అతనికి ఇంకా రెండేళ్ల కొలువు మిగిలి ఉంది; ఈ పుటలు చదివిన మనుషుల మధ్యనే ఆ రెండేళ్లూ తలెత్తుకు తిరగాలి. ఆ తిరగడం కళ్లారా చూడటానికైనా ఆయన ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలి.