సోమ్లా అంబాసిడర్‌కు ఎనిమిది బుష్‌లు

ములకలపల్లి సెంటర్‌లో పగిడయ్య చాయ హోటల్ బెంచీ మీద మెకానిక్ రజాక్ కూర్చున్నాడంటే, పక్కన ఉన్నవాడికి ఆ పూట బస్సు తప్పిపోయినట్టే. ఆ రోజు దొరికినవాడు వెంకటకృష్ణ, బ్యాంకుకు కొత్తగా బదిలీ మీద వచ్చిన క్లర్కు. తన కారు గతుకుల్లో టకటకమంటోందని ఒక్క మాట అన్నాడు పాపం. అంతే.

"టకటక అంటుందా సార్? బుష్‌లు పోయినయ్. బండి చూడాల్సిన పనే లేదు, నాకు చెవులకే తెలుస్తది. బుష్ అంటే ఏమనుకున్నరు? చక్రాన్ని పట్టుకునే ఇనుప ఆర్మ్ ఉంటది గద, అది బండికి కలిసే కాడ ఒక రబ్బరు ముక్క ఉంటది. మన మోకాల్ల గుజ్జు ఎట్లనో, బండికి బుష్ గట్ల. గుజ్జు అరిగితే ఇనుముకు ఇనుము కొట్టుకుంటది. గింతే. నేను సోమ్లా అంబాసిడర్‌కు ఏసిన బుష్‌ల ముచ్చట చెప్తే, మీరు ఆ కారు ఈడనే ఇడిసిపెట్టి నా ఎంట షెడ్డుకు వస్తరు."

"వద్దంటే ఆగుతడా? కానియ్," అన్నాడు పగిడయ్య, పాలగిన్నె కింద మంట పెంచుతూ.

"సోమ్లా అంటే నా దోస్తు సార్. పక్క తండా. ముప్పై ఏండ్లు లారీలు, జీపులు, ఎవరెవరి బండ్లో నడిపి నడిపి, ఆఖరుకు కొత్తగూడెంల ఒక పాత అంబాసిడర్ కొనుక్కున్నడు. డెబ్బై నాలుగు మోడల్. ఆ తండాల మొట్టమొదటి కారు అదే. వాడు దాన్ని కడిగినట్టు మా ఇంటామె ఖమరున్నీసా పిల్లలను కూడ కడగలే. రోజు పొద్దుగాల ఆ బండేసుకుని వచ్చి ఇగో, మీరు కూసున్న జాగలనే కూసునేటోడు. నేను కోతలు కోస్తుంటే అందరికన్న ముందుగాల వాడే నవ్వేటోడు. ఇప్పుడు ఏడాదాయె, వస్తలేడు. నా మీద అలిగిండు. ఎందుకలిగిండో వానికే తెలువాలె. పోనియ్యుండ్రి. ఏం చెప్తున్న?"

"బుష్‌లు."

"ఆ, బుష్‌లు. ముందర దిక్కు ఎనిమిదికి ఎనిమిది అరిగిపోయినయ్. స్టీరింగ్ భద్రాచలం దిక్కు తిప్పితే బండి తల్లాడ దిక్కు పోయేది. ఇంకెవ్వడన్న అయితే మూడు రోజుల పని. నేను ఈ హోటల్లనే, అందరి ముందర చెప్పిన. రెండు గంటలు, నేనొక్కన్నే, ఎవ్వని చెయ్యి తగలనియ్య అని. అన్ననా లేదా పగిడయ్యా?"

"అన్నవ్. ఊరంత ఇన్నది."

"జాకీ ఎక్కిచ్చిన. బోల్టు చూస్తే యాభై ఏండ్ల తుప్పు. పానా ఏస్తే పానా ఒంగింది. గడ్డపార ఏస్తే గడ్డపార జిలేబి లెక్క చుట్టుకుంది. ఆ తర్వాత ఏం చేసిన్నో తెలుసా? బోల్టు దగ్గరికి నోరు పెట్టి చెప్పిన. 'నేను ఉస్తాద్ అబూబకర్ దగ్గర పని నేర్చుకున్నోన్ని, మర్యాదగ దిగు' అన్న. టక్కుమని తిరిగి దానంతట అదే వచ్చి నా చేతుల పడ్డది సార్. మిగిలిన ఏడు బోల్టులు ఆ ముచ్చట ఇని, నేను పోకముందుకే వదులైనయ్."

వెంకటకృష్ణ నవ్వాడు. పగిడయ్య నవ్వలేదు. "ఉస్తాద్ పేరెత్తినవ్ గనక అడుగుత. ఆయన బుష్‌లేసినప్పుడల్ల బండిని జాకీ మీదికెల్లి దించి, ఈడికొచ్చి నలుగురిని పట్కపోయి బండిల కూసోబెట్టేటోడు. మేం బరువుగ కూసుంటే, ఆయన కిందికి దూరి బోల్టులు బిగించేటోడు. నేను ఎన్నిసార్లు పోలే! సోమ్లా బండికి మమ్మల్ని పిలవనే లేదేంది?"

రజాక్ చేతిలోని గ్లాసును అటూ ఇటూ తిప్పాడు. "అది ఆ కాలం పద్ధతి. ఆయనకు అందాజ అందక జనాన్ని కూసోబెట్టేటోడు. నాకు చేతులనే లెక్క ఉంటది. నలుగురెందుకు?" అని, "నేర్పినోన్ని గట్ల అనొద్దు గని," అన్నాడు మెల్లగా. మళ్ళీ గొంతు సర్దుకున్నాడు.

"మొదటి రోజు బండి తీసినం. సోమ్లా స్టీరింగ్ మీద, నేను పక్కన. ఎనక సీట్ల సోమ్లా ఇంటామె హేమ్లి ఒక గంప పెట్టుకుని కూసుంది. గంపల గుడ్ల మీద కూసున్న కోడి. బూర్గంపాడుల వాళ్ళ చెల్లెకు ఇయ్యాలె. ఆ రోడ్డు సంగతి మీకింక తెల్వది సార్, గుంతలల్ల బర్లు పండుకుంటయ్. ఆ గుంతల మీదికెల్లి పోతుంటే బండి కదిలినట్టే లేదు. కోడి తల లేపి చూడలే. ఇంట్లనే ఉన్న అనుకుంది. బూర్గంపాడు పోయి గంప దించితే పిల్లలు బయటికొచ్చినయ్. గుడ్లు ఇరవై ఒకటి. పిల్లలు ఎన్నో తెలుసా? ఇరవై రెండు!"

"ఆ ఒక్కటి యాడికెల్లొచ్చింది భాయ్?" అన్నాడు పగిడయ్య.

"గతుకులు లేక! మామూలు బండిల అయితే ఒకటి రెండు చెడిపోతయ్ గద. ఈడ చెడిపోక పోంగ ఒకటి ఎక్కువనే అయింది. హేమ్లి నా చెయ్యి పట్టుకుని 'అన్నా, నీ చేతుల ఏముంది' అన్నది. సోమ్లా బండి దిగి బానెట్ మీద చెయ్యేసి నిలబడ్డడు. వాని కండ్లల్ల నీళ్ళు. గది మాత్రం నిజం సార్. మిగిలింది మీరు నమ్మినా నమ్మకున్నా, గది నిజం."

అప్పుడే హోటల్ ముందు స్కూటీ ఆగింది. దిగింది సోమ్లా కూతురు సంగీత. భద్రాచలం దవాఖానాలో నర్సు, డ్యూటీ దిగి ఇంటికి పోతోంది. మొహానికి కట్టుకున్న చున్నీ విప్పి, పగిడయ్య చేతికి ఫ్లాస్కు ఇచ్చింది. "రోజు లెక్కనే, బాపుకు చాయ," అంది.

రజాక్ మాట తడబడింది. "మంచిగున్నవా బిడ్డా?" అన్నాడు. తండ్రి ఎలా ఉన్నాడని మాత్రం అడగలేదు. ఆమె "అవ్ చాచా," అని బెంచీ చివర కూర్చుంది. రజాక్ వెంకటకృష్ణ వైపు పూర్తిగా తిరిగిపోయి గొంతు పెంచాడు.

"గదేం చూసిన్రు సార్! ఆ నెలల గోదారికి వరద. బ్రిడ్జి మీద బండ్లు ఆగిపోయినయ్, కిలోమీటర్ల లైను. సోమ్లా అన్నడు, ఎనక్కు పోదామని. నేనన్న, ఎనక్కెందుకు, బుష్‌లు ఏసినోన్ని నేనుంటే! పక్కకు తిప్పి గోదాట్లకు దింపిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చక్రాలు అలల మీద గట్ల గట్ల ఎక్కుకుంట దిగుకుంట పోతున్నయ్, లోపల కూసున్నోల్లకు తార్రోడ్డు మీద పోయినట్టే ఉన్నది. నది నడుమ ఒక చేపలాయన పడవల కూసుని వణుకుతున్నడు. అద్దం దించి 'పెద్దాయన, మా ఎంట వస్తవా?' అన్న. ఆయన పడవను తాడుతోని మా బండి ఎనక కట్టుకున్నడు. అవతలి ఒడ్డున దిగినంక టైర్లు చూస్తే, నీళ్ళు తగిలింది సగం ఇంచు!"

"ఎండ్రకాయలు ఏమన్న చూసినయా?" అన్నాడు పగిడయ్య.

"సలాం కొట్టినయ్."

వెంకటకృష్ణ కళ్ళు తుడుచుకుంటూ, "అంత బండి ఇప్పుడెక్కడుంది? ఒకసారి చూడాలి నేను," అన్నాడు.

అడగకూడని మాట అడిగాడని అతనికి తెలియదు. రజాక్ సంగీత వైపు ఓరగా చూశాడు. ఆమె నేల చూస్తోంది.

"బండి... తండాల ఉంది సార్, షెడ్డుల. ఇరవై దినాలు పరుగులు తీసింది. తర్వాత బూర్గంపాడు మలుపు కాడ పంది అడ్డమొచ్చింది. పంది అంటే మీరనుకునే పంది కాదు. అడివిపంది. ఎత్తు లారీ అంత. ఒక్కో కోర సొరకాయ అంత. ఎదురుంగ వచ్చి గుద్దింది. ఇంకో బండయితే పొడిపొడి అయ్యేది. నా బుష్‌లు గనక బండి ఒక్క ఇంచు ఎనక్కు జరిగింది, గంతే. పందికే తల తిరిగి చేన్లకు నడుచుకుంట పోయింది. సోమ్లాకు జర తుంటికి దెబ్బ తగిలింది. గది పంది తప్పు. బండి తప్పు కాదు. బుష్‌ల తప్పు అసలే కాదు. అడుగుండ్రి, ఈ బిడ్డ గప్పుడు బండిలనే ఉండె. చెప్పు బిడ్డా, పంది ఎంతుండె?"

సంగీత తలెత్తింది. "పంది రాలే చాచా."

పగిడయ్య చాయ పోయడం ఆపాడు.

"ఏ పందీ రాలే. రోడ్డు ఖాళీగుండె. బాపు మలుపుల స్టీరింగ్ తిప్పిండు, ముందర కిందికెల్లి పటేలుమని సప్పుడైంది, బండి తిరగలే. సీదా పోయి కాల్వల పడ్డది. బండిని తండాకు గుంజుకొచ్చినంక, మంచం మీద పండుకునే బాపు మా తండా లాల్‌సింగ్ మామతోని బుష్‌లు ఇప్పిచ్చి చూసిండు. రబ్బరు పిండిన బట్ట లెక్క మెలిపడి చినిగిపోయి ఉన్నది. చూసి ఒక్కటే మాటన్నడు. 'రజాక్ గాల్లనే బిగించిండు' అని."

వెంకటకృష్ణకు అర్థం కాలేదు. రజాక్ మొహం చూసి, అడగడానికి భయపడ్డాడు. రజాకే చెప్పాడు. గొంతులో ఇందాకటి మోత లేదు.

"జాకీ మీద ఉన్నప్పుడు చక్రాలు కిందికి ఏలాడుతుంటయ్ సార్. గప్పుడు బోల్టు గట్టిగ బిగిస్తే రబ్బరు ఆడనే పట్టుకుంటది. బండి దించి జనం కూసునేసరికి మెలిపడుతది. రోజు గుంతల్ల మెలిపడి మెలిపడి చినుగుతది. అందుకే ఉస్తాద్ బండి దించి, నలుగురిని కూసోబెట్టి, బరువు మీద బిగించేటోడు. నాకు తెల్వక కాదు. నలభై ఏండ్లు గట్లనే చేసిన. ఆ ఒక్క రోజు... రెండు గంటలల్ల ఒక్కన్నే చేస్త అని ఈ బెంచీ మీద మీసం తిప్పిన గద! మల్ల ఈడికొచ్చి, నలుగురు రండ్రి, బండిల కూసోండ్రి అంటే పగిడయ్య నవ్వుతడు అనుకున్న. గంతే. పగిడయ్య నవ్వుతడని."

"నేను నవ్వేటోన్నే భాయ్," అన్నాడు పగిడయ్య. "నవ్వి, వచ్చి కూసునేటోన్ని."

రజాక్ చేతిలోని గ్లాసు బెంచీ మీద పెట్టాడు. తర్వాత సంగీతను అడిగాడు. "మరి పంది ముచ్చట ఎవరు పుట్టిచ్చిన్రు బిడ్డా? సోమ్లానే పంది వచ్చిందని చెప్పి పంపిండు గద నాకు?"

"బాపే పుట్టిచ్చిండు. కాల్వల నుంచి తీసినప్పుడు ఏమైందో ఆయనకు అందాజ ఉండె. బుష్‌లు చూసినంక మమ్మల్ని దగ్గర కూసోబెట్టుకుని చెప్పిండు, ఎవ్వలడిగినా పంది అనే చెప్పుండ్రి అని. అసలు ముచ్చట బయట పడితే రజాక్ షెడ్డుకు ఇంక ఎవ్వడు బండి తేడు, వానికి ఆ పని తప్ప ఇంకేం రాదు అన్నడు. ఏడాది సంది నేను ఎవ్వలకు చెప్పలే. ఇయ్యాల నువ్వు ఆ పందిని లారీ అంత చేస్తుంటే నాతోని కాలే చాచా. తప్పనుకోకు."

"నాది తప్పు బిడ్డా, నీది కాదు," అన్నాడు రజాక్. కళ్ళు ఎర్రబడ్డాయి, దాచుకోలేదు. "నాకు లోపల తెలుసు. పంది అని ఎవ్వలన్న అన్నప్పుడల్ల జర పానం తేలికయ్యేది, నేను ఇంకింత పెంచి చెప్పేటోన్ని. గని ఒక్కటి చెప్పు. నన్ను గంతగనం కాపాడినోడు, నా మీద కోపం లేనోడు, ఏడాది సంది ఒక్కపారి గూడ ఈ దిక్కు రాలేదేంది మరి? తెలిసినంక నా మొహం చూడబుద్ధి కాలేదనే గద?"

సంగీత ఫ్లాస్కు మూత బిగించి లేచి నిలబడింది.

"బాపు నడవలేడు చాచా. తుంటికి రాడ్డేసిన్రు, మంచం నుంచి వాకిట్లకు పోనీకే ఇద్దరం పట్టుకోవాలె. నువ్వు ఒక్కనాడన్న అడిగినవా? పొద్దుగాల మంచం బయట ఏయించుకుని బాట దిక్కే చూస్తడు, రజాక్ ఇయ్యాల వస్తడేమో అంటడు. ఆయన రానిది కాదు. నువ్వే రాలే."