టిక్కు పెట్టని గడి

పందొమ్మిది వందల ఎనభై ఆరు, జూలై తొమ్మిది, బుధవారం. పొద్దుటి నుంచీ ముసురు. పదకొండింటికి కాస్త తెరిపిచ్చి మళ్లీ పట్టుకుంది... ఏంటమ్మాయ్, నువ్వడిగితేనేగా చెప్తున్నాను? అడగడం అడిగేసి ఆ పెట్టె మూతతో కుస్తీ పడతావేంటి? పెద్దవాడు నోరు తెరిస్తే వినే ఓపిక ఎవరికుంది ఈ రోజుల్లో!

ఉండు, ముందు కాటాకి తగిలించు. ఇరవై ఆరు! వాళ్లు టికెట్టు మీద రాసింది ఇరవై మూడు కదే. చక్రాలు లేని పెట్టె ఈ కాలంలో ఎవరన్నా మోసుకెళ్తారా? ఖాళీదే అయిదు కిలోలుంటుంది. అమ్మ పెట్టె, ఇదే పట్టుకెళ్తానంటావు. మొండితనం అచ్చం మీ అమ్మదే.

ఆ బూట్లు తీసెయ్. బరువైనవి కాళ్లకి వేసుకోవాలి, పెట్టెలో పెట్టకూడదు. కోటు ఒంటి మీద. ఒంటి మీదున్నదాన్ని ఎవడూ తూకం వెయ్యడు.

ఆ కవరు పక్కన పెట్టు. చెప్తాను. చెప్తానంటున్నానా!

ఒక జత బట్టలు చేతిసంచిలో ఉండాలి. పెట్టె ఇంకో దేశం పోయిందనుకో, రెండ్రోజులు కట్టుకున్న బట్టలతోనే ఉండాలి. మందులుంటే డాక్టరు చీటీతో సహా నీ దగ్గరే. దిగాక ఎక్కడికెళ్లాలో ఆ చిరునామా కాగితం మీద రాసుకో. ఫోను చచ్చిపోతుంది, కాగితం చావదు. ఒక పెన్ను. విమానం మొత్తానికి పెన్నున్నవాడు ఒక్కడే ఉంటాడు, మిగతావాళ్లంతా వాడి వెనకాల నిలబడతారు.

అక్కడ ఆఫీసరు ఎందుకొచ్చావంటే, ఆసుపత్రిలో నర్సు ఉద్యోగానికి అను. అంతే, ఆగిపో. మా మామయ్య ఇలా చెప్పాడు, మా అమ్మ కూడా నర్సే అని మొదలెట్టకు. అడిగినదానికే జవాబు. నాలాగా కాదు.

నవ్వావా? నవ్వు, నవ్వు. ముప్పై మూడేళ్లు ట్రావెల్ ఆఫీసులో టికెట్లు రాసినవాణ్ణి. ఒక రహస్యం చెప్పనా? నేను విమానం ఎక్కింది ఒక్కసారి. అదీ ఆగి ఉన్నదాన్ని. ఉద్యోగులకి చూపిస్తామని తీసుకెళ్లి, సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టించి, దింపేశారు. నాకు తెలిసిందంతా తిరిగొచ్చినవాళ్లు కౌంటరు మీద మోచేతులాన్చి చెప్పిందే. నిజమే, నవ్వొచ్చే సంగతే.

కానీ కాగితాల విషయంలో మాత్రం నన్ను కొట్టినవాడు లేడు. చుట్టాల్లో ఎవరు దేశం దాటినా ముందు నా దగ్గరికే. పాస్‌పోర్టు చేతికిస్తే నేను ఫోటో చూడను, పేరు చూడను, గడువు తేదీ చూస్తాను. ప్రయాణం రోజు నుంచి ఆరు నెలలుండాలి. పిల్లలంతా నాకు ఆర్నెల్ల మామయ్య అని పేరు పెట్టలేదూ! ఎంత జాగ్రత్త మనిషో అంటారు. ఆ మాటన్న ప్రతిసారీ లేచి వంటింట్లోకి పోతాను. మంచినీళ్లు తాగేస్తాను.

నీది చూశాను. తొమ్మిదేళ్లుంది. మూడుసార్లు చూశాను.

సరే, ఇలా ఇయ్యి ఆ కవరు.

ఇది మా ఆఫీసుదే. టికెట్టు ఈ కవర్లో పెట్టి ఇచ్చేవాళ్లం. మూల మీద నాలుగు గళ్లు చూశావా? పేరు, తేదీ, వీసా, గడువు. ఒక్కోటీ చూసుకుని ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టాలి. అవి నా టిక్కులే. చివర తోక కాస్త పైకి లేస్తుంది, చూడు.

మీ అమ్మకి అప్పుడు ఇరవై ఏడు. పెళ్లి కాలేదు. నువ్వెళ్లే దేశం కాదులే, ఇంకోటి. పెద్దాసుపత్రి, మూడేళ్ల ఒప్పందం. ఉత్తరం వచ్చిన రోజున వీధి చివర నుంచి పరిగెత్తుకొచ్చింది, చెప్పు ఒకటి దారిలోనే ఊడిపోయింది. మా ఆఫీసులోనే టికెట్టు తీసుకుంది. అన్నయ్య ఉండగా బయటికెందుకూ అంది.

ఇంట్లో మా అమ్మ మంచం మీద ఉండేది. మీ అమ్మమ్మ. పక్షవాతం, ఎడమ పక్కంతా పడిపోయింది. ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, చెంచాతో తినిపించడం, అన్నీ మీ అమ్మే. డ్యూటీకి ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి. నాకు పెళ్లయి ఎనిమిది నెలలు. మీ అత్తయ్య, నావల్ల కాదండీ అంది. ఒక్కసారే అంది. దాని మీద తోసెయ్యడం కూడా తప్పేనమ్మా. ఆ పని నావల్లా కాదు. మా అమ్మ గదిలోంచి వాసనొస్తే నేను వీధిలోకి పోయి నిలబడేవాణ్ణి.

ప్రయాణానికి పదిహేను రోజుల ముందు పాస్‌పోర్టు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఏది ముందు చూస్తానన్నాను? ఆ, అదే చూశాను. నవంబరు దాకా. నాలుగు నెలలు. వీసా ఇచ్చినవాళ్లు పట్టించుకోలేదు. విమానంవాళ్లు పట్టించుకుంటారు.

పాస్‌పోర్టు ఆఫీసు మాకు ఎదురుగానే. అక్కడి గుమాస్తా రోజూ నాతో టీ తాగేవాడు. మూడు రోజుల పని! రోడ్డు దాటి ఇచ్చి రావడమే.

నేను దాటలేదు.

పేరు, టిక్కు. తేదీ, టిక్కు. వీసా, టిక్కు. నాలుగో గడి దగ్గర పెన్సిలు ఆగింది. ముక్కు చెక్కుకొచ్చాను, అయినా లేవలేదు. ఎదురుగా నిలబడి మీ అమ్మ అడుగుతోంది, "అంతా సరిగ్గా ఉందా అన్నయ్యా?" అని. నేను తలూపాను. తల ఊపడానికి పెన్సిలు అక్కర్లేదు కదా.

అలా చూడకు. లేదా చూడు, నీ ఇష్టం.

ఆ బుధవారం గొడుగు పట్టుకుని నేనే ఎయిర్‌పోర్టులో దింపాను. కొత్త తెల్ల బూట్లు తడుస్తాయని పైన ప్లాస్టిక్ సంచులు కట్టుకుంది. అద్దం అవతల కౌంటరు. ఇవతల నేను. కౌంటరు పిల్ల పేజీ తిప్పింది, మళ్లీ తిప్పింది, లోపలికెళ్లి ఇంకొకాయన్ని పిలుచుకొచ్చింది. మీ అమ్మ వెనక్కి తిరిగి నాకోసం చూసింది. నేను గొడుగు మడవడంలో మునిగిపోయాను. గొడుగు మడవడానికి ఎంతసేపు పడుతుందే? నాకు పావుగంట పట్టింది.

బయటికొచ్చి, "నువ్వు చూసుకోలేదా అన్నయ్యా?" అంది.

"ఈ నెల నుంచే పెట్టిన రూలటమ్మా" అన్నాను.

అప్పుడు తనేమందో తెలుసా? "పోన్లే అన్నయ్యా, నువ్వేం మనసులో పెట్టుకోకు." నన్ను ఓదార్చింది! ఇదిగో ఈ పెట్టెనే మోసుకుంటూ నన్ను ఓదార్చుకుంటూ ఇంటికొచ్చింది. బట్టలు మార్చుకుని మా అమ్మకి పక్క మార్చింది.

వారంలో ఆ ఉద్యోగం వెనకాల వరసలో ఉన్న అమ్మాయికి ఇచ్చేశారు. ఆ ఏడాది మళ్లీ దరఖాస్తు రాసింది, రాలేదు. ఆ తర్వాత రాయలేదు. మధ్యలో మీ నాన్నని చేసుకుంది, నువ్వు పుట్టావు, అయినా రెండు పూటలా వచ్చి చూసేది. తొమ్మిదేళ్లు. ఒంటి మీద ఒక్క పుండు లేకుండానే మా అమ్మ పోయింది. అంత బాగా చూసిందని ఊరంతా అన్నారు. నేనూ అన్నాను.

ఏంటీ? తెలుసా అంటావా మీ అమ్మకి?

తెలియదనే అనుకున్నాను. అలా అనుకోవడం హాయి కదా. ఒకసారి మావాడు ప్రయాణమవుతుంటే అందరూ ఇదే గదిలో ఉన్నాం. వాడు, నాన్నా సరిగ్గా చూశావా అన్నాడు. మీ అమ్మ అక్కడ, ఆ కిటికీ కింద, వాడి చొక్కాకి బొత్తాం కుడుతోంది. తలెత్తకుండా అంది, "తప్పుంటే మా అన్నయ్య టిక్కు పెట్టడు రా" అని. అందరూ నవ్వారు. మెచ్చుకుందనుకున్నాను. ఇవాళ నువ్వు పెట్టె అడుగున దొరికిందని ఈ కవరు తెచ్చి, మామయ్యా, ఈ ఒక్క గడి ఎందుకు ఖాళీగా ఉందీ అని అడిగేదాకా అలాగే అనుకున్నాను.

ముప్పై ఎనిమిదేళ్లు ఈ కవరు దాచింది. ఒక్క మాట అడగలేదు. అడిగుంటే ఏం చెప్పేవాణ్ణి? మళ్లీ ఏదో రూలు చెప్పేవాణ్ణి.

ఏదో ఒకటి అనవే. తిట్టు పోనీ. మీ అమ్మలాగా ఊరుకోకు.

టాక్సీ వచ్చినట్టుంది, హారను కొడుతున్నాడు. ఆగమను. ఇంకొకటుంది, అదీ వినేసి పో.

మా అమ్మ పోయేముందు కాగితం రాయించింది. ఈ ఇల్లు నాకు. గాజులు మీ అత్తయ్యకి. మీ అమ్మకి ఏమీ లేదు. దానికి ఉద్యోగం ఉందిగా అంది. ఆ కాగితం చదివి వినిపించింది నేనే. పక్కనే నిలబడి మీ అమ్మ మందు గ్లాసు పట్టుకుంది.

పోయిన ఏడు మీ అమ్మ పోయినప్పుడు ఒట్టేసుకున్నాను, ఈ ఇల్లు నీ పేర రాయాలని. ఇవాళ రాశానని చెప్తాననుకున్నావేమో. లేదమ్మా. నెల కిందట మావాడు కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పెన్ను చేతిలో పెట్టి, ఇక్కడ నాన్నా, అన్నాడు. సంతకం పెట్టేశాను.

కాబట్టి ఇల్లు వాడికి. గాజులు ఎలాగూ వాడి పెళ్లానికే వెళ్తాయి. నీకు ఈ పెట్టె, అది మీ అమ్మదే, బూట్లు తీసినా ఇంకా కిలో ఎక్కువే ఉంటుంది. ఆ కవరు కూడా నీదే. నా దగ్గర వదిలెయ్యకు.

బూట్లు వేసుకో. పాస్‌పోర్టు పై జేబులో పెట్టుకో.