తాళాల అన్నయ్య మూడు రోజుల మౌనం

కుట్టుషాపు బల్ల మీద నా ఫోన్ పొద్దున్నుంచి పలకడం లేదు. నిన్ననే రీచార్జి చేశాను. అది నెల ప్యాక్‌లో పడకుండా ఇతర దేశాల్లో వాడుకునే ప్యాక్‌లో పడింది. నేను ఈ వీధి చివరి వంతెన దాటి ఎన్నాళ్లయిందో. కాల్స్ రావు, పోవు. కస్టమర్ కేర్‌కి మాత్రం పోతుంది. కంగారులో ఏ అంకె నొక్కానో, అప్పట్నుంచీ వాళ్లు నాకు తెలియని భాషలోనే పలుకుతున్నారు.

వేరే ఊళ్లో ఉన్న అమ్మాయికి నెలలు నిండాయి. అల్లుడు ఓడ మీద ఉన్నాడు. టైలర్ మాస్టర్ ఫోన్ నుంచి దానికి చేశాను. స్విచ్ఛాఫ్. దానికి చూడకుండా గుర్తున్న నంబరు నాదొక్కటే.

గుండీలు కుడుతున్నాను. సూది రెండుసార్లు వేలికి దిగింది.

తాళాల అన్నయ్య వచ్చి స్టూలు లాక్కున్నాడు. పక్క కొట్లో తాళంచెవులు చేస్తాడు. కథలూ అక్కడే చేస్తాడు.

"ఏంటి చెల్లెమ్మా, ఫోన్ ఆగిందా? దీనికేనా ఆ మొహం? పోయిన ఏడాది నాకూ ఇలాగే చేశారు. అడక్కుండా నా ఫోన్‌కి ఏడుపు పాట ఒకటి తగిలించారు. తాళంచెవి పోగొట్టుకుని నాకు ఫోన్ చేసేవాడు అసలే ఏడుస్తుంటాడు, ఆ పాట విని ఇంకా ఏడ్చి పెట్టేసేవాడు, నా బేరం పోయేది, పైగా ఆ పాటకి రోజూ నాకే కోత. సరే అని చేశాను. 'మీ కాల్ మాకు చాలా ముఖ్యం' అంది రికార్డింగ్ ఆవిడ. ముఖ్యమైతే ఎత్తొచ్చుగా? ఎత్తదు! చివరికి ఎవడో ఎత్తి, తన భాషలో గలగలా దంచాడు. నేను ఊరుకుంటానా, అదే భాషలో అంతకి రెండింతలు వాయించాను."

"ఏ భాష బావగారూ?" అన్నాడు మాస్టర్, కత్తెర ఆపకుండా.

"అది కనుక్కునే టైమెక్కడిదయ్యా, దెబ్బకి వాడు జడుసుకుని ఇంకొకడికిచ్చాడు, వాడిది ఇంకో భాష, వాడినీ వాయించాను, అలా తొమ్మిది భాషలయ్యాయి. తొమ్మిదోవాడైతే, 'సార్, మీ యాస వింటే మా తాత గుర్తొస్తున్నాడు' అని భోరుమన్నాడు."

"ఏ భాషలో భోరుమన్నాడు?" గుమ్మం పక్కనే టీకొట్టు పెట్టుకున్న వదిన గ్లాసులు దింపుతూ అడిగింది.

"ఏడుపుకి భాషేంటి వదినా? మధ్యలో అడ్డు రాకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మళ్లీ మొదటికొచ్చింది! దీనికి ఒకటి నొక్కు, దానికి రెండు నొక్కు. అప్పుడొచ్చింది నాకు పట్టుదల. మొండి తాళాన్ని ఏం చేస్తాం? గుంజం. చెవి ఆనించి ఊరుకుంటాం. నేనూ అంతే. ఒక్క అంకె నొక్కలేదు, ఒక్క మాట అనలేదు. మౌనం! ఒక రోజు. రెండు రోజులు. మూడు రోజులు!"

మాస్టర్ కత్తెర ఆగింది. "మీరు? మూడు రోజులు?"

"అన్నం కూడా చప్పుడు కాకుండా నమిలానయ్యా! మూడో రోజుకి ఆ రికార్డింగ్ ఆవిడ గొంతు బొంగురుపోయింది. 'అయ్యా, ఏదో ఒకటి నొక్కండి, మీ కాళ్లు పట్టుకుంటా, నాకూ పిల్లలున్నారు' అంది. నొక్కలేదు. ఆవిడ సెలవు పెట్టి వెళ్లిపోయింది. ఊరి టవర్లన్నీ ఒక్కొక్కటే తల వంచేశాయి. దేశమంతా ఫోన్లు మూగబోయాయి. ఆఖరికి కంపెనీ యజమాని పరిగెత్తుకొచ్చాడు, ఆ కంగారులో కారు తాళంచెవి లోపలే వదిలి తలుపేసుకున్నాడు, అదీ నేనే తీశాను. ఆయన కళ్లనీళ్లు పెట్టుకుని ఈ వీధికి వందేళ్లు ఫోన్లు ఉచితమని కాగితం రాసిచ్చాడు."

"నేనూ ఈ వీధిలోనే ఉన్నానే," అంది వదిన. "మొన్న రేటు పెంచారని టీపొడి మానేసి రీచార్జి చేయించాను. ఏదీ కాగితం?"

"నేనే చించేశాను. ఉచితం మనకెందుకు, పరువు తక్కువ!"

నేను ఫోన్ ఆయన చేతిలో పెట్టాను.

"చేసి పెట్టండి, అన్నయ్యా."

ఆయన ఫోన్ వంక చూశాడు. అందరి వంకా చూశాడు. గొంతు సవరించుకుని స్పీకర్ పెట్టాడు. ఆ తెలియని భాషే మొదలైంది.

"అమ్మా, నమస్కారం. నేనే, గుర్తుపట్టారా?"

ఆవిడ ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివింది.

"చూడమ్మా, మా చెల్లెలు..."

మళ్లీ మొదటి నుంచి.

"నేను మాట్లాడుతుంటే అడ్డొస్తావేంటి?"

మళ్లీ మొదటి నుంచి. అన్నయ్య నుదుట చెమట పట్టింది.

"మూడు రోజులు ఏడిపించారుగా," అంది వదిన. "అప్పుడే మరిచిపోయిందా మిమ్మల్ని?"

ఎవరూ నవ్వలేదు. నా మొహం చూసి ఉంటారు.

అప్పుడు తట్టింది నాకు. ఆయన నోరు విప్పినప్పుడల్లా అది మొదటికి వస్తోంది.

"అన్నయ్యా, మీ కథలో చేసినట్టే చేద్దాం. ఎవరూ మాట్లాడకండి."

మాస్టర్ కత్తెర కింద పెట్టాడు. వదిన స్టవ్ ఆర్పింది. తాళాల అన్నయ్య రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఫోన్‌లో గొంతు ఒకసారి చెప్పింది. రెండోసారి చెప్పింది. అన్నయ్య బుగ్గలు ఉబ్బాయి, మెడ నరాలు పొంగాయి. మాస్టర్ ఆయన భుజం నొక్కి పట్టుకున్నాడు. మూడోసారి చెప్పి, ఆగింది. తర్వాత సంగీతం. అది నడుస్తూనే ఉంది. సంగీతం ఆగాక, ఒక మనిషి గొంతు ఏదో అడిగింది.

"తెలుగు," అన్నాను. ఆ ఒక్క మాటే వచ్చింది.

"చెప్పండమ్మా," అంది అవతలి పిల్ల.

చెప్పాను. ప్యాక్ మారుస్తానంది. మార్చింది. సేవ ఎలా ఉందో ఐదులోపు అంకె నొక్కమంది. ఇంక అంకెలు నొక్కే ధైర్యం లేక పెట్టేశాను.

టీ చల్లారేలోపు ఫోన్ మోగింది. కొత్త నంబరు.

"అమ్మా! ఎక్కడికి పోయావే? నా ఫోన్ నీళ్లలో పడింది. ఆసుపత్రిలో చేర్చుకున్నారు, నర్సమ్మ ఫోన్ నుంచి పొద్దున్నుంచీ చేస్తున్నా. భయమేస్తోంది."

"ఇక్కడే ఉన్నాను. వస్తున్నా."

సంచీ అందుకున్నాను. తాళాల అన్నయ్య అప్పటికి నోటి మీంచి చేతులు తీశాడు.

"చూశారా! నేనే గనక లేకపోతే..."

"చూశాం బావగారూ," అన్నాడు మాస్టర్. "ఇన్నేళ్లుగా మీరు చెప్పినవాటిలో కళ్లారా చూసింది ఇదొక్కటే. నాలుగు నిమిషాలు నోరు మూసుకున్నారు."

వదిన స్టవ్ వెలిగించింది.

"రేపటికి దాన్ని నాలుగేళ్లు చెయ్యకండి."