మూడెకరాల శెనక్కాయ చేనుకు పురుడు పోసిన కథ

గంగులమ్మ టీచరమ్మ అయిపోయిందంట. ఏ గంగులమ్మ అంటారేమో, గుట్టకిందపల్లె గంగులమ్మే, చిన్నోబులేసు పెండ్లాము. ఆ యమ్మ చదివింది మూడో తరగతి, అదీ సగమే అనుకో, మిగతా సగం గొడ్లెంట పోయె. వాళ్లకు గుట్ట కింద మూడెకరాల మెట్టచేను, ఆ గట్టునే ఇల్లు. బావి లేదు, బోరు లేదు, వాన పడితే పంట, పడకపోతే ఆకాశం పక్క చూసుకుంటా కూచోడమే. ఇంట్లో మొగుడూ పెండ్లాము, చిన్నోబులేసు వాళ్లమ్మ సుంకులవ్వ, అంతే. పిల్లల్లేరు. సరే, ఏమైందంటే, టౌన్లో ఒక ఇస్కూలుండాది, ఆ ఇస్కూల్లో హేమలత అని ఒక టీచరమ్మ. మంచిది పాపం, పిల్లోల్లంటే పానం. ఆ యమ్మ ఒకనాడు, "శెనక్కాయ యాడ కాస్తాదిరా?" అని పిల్లోల్లను అడిగిందంట. ఒకడు కొమ్మకు అనె, ఒకడు తీగకు అనె, ఇంకొకడు లేచి చేతులు కట్టుకోని, ప్యాకెట్లో మేడమ్ అనె. ఆ మాటకు ఆ యమ్మకు అన్నం సయించలేదంట. తెల్లారి బస్సెక్కి, ఊరూరూ తిరిగి, మా చేన్లోకి రావద్దు తల్లీ అన్నోల్ల చేన్లన్నీ దాటుకోని, కడాకు గంగులమ్మ దగ్గరికొచ్చె. అమ్మా, మా పిల్లోల్లకు సేద్యం నేర్పల్ల, విత్తేటప్పుడు వస్తాం, కలుపు తీసేటప్పుడు వస్తాం, కాయ పీకేటప్పుడు వస్తాం, మీరే వాళ్లకు టీచరు అనిందంట. టీచరు అనేటప్పటికి గంగులమ్మకు కండ్లల్లో నీళ్లు తిరిగె. గబగబా లోపలికి పోయి, పెట్టెలో ఉన్న పెండ్లి చీర తీసి కట్టుకోని వచ్చి, "సరే మేడమ్మా" అనె. "ఇప్పుడెందుకు మే ఆ చీర?" అని చిన్నోబులేసు అడిగితే, "టీచర్లు ఇట్లే ఉంటారు, నువ్వు గమ్మునుండు" అనిందంట.

పునర్వసు కార్తెలో వాన పడె. బస్సు నిండా పిల్లోల్లు దిగిరి. చిన్నోబులేసు గొర్రు కట్టినాడు, పిల్లోల్లు ఎనకెనకనే సాళ్లల్లో విత్తనం వేసుకుంటా పోయినారు. పోతా పోతా ఒకడు, మన్నులో చలేస్తాదని జేబుగుడ్డ తీసి విత్తనం మీద కప్పినాడంట. ఇంకొకడు ఆకలైతాదని పక్కనే బిస్కెట్టు పూడ్చినాడు. జోషిత అని ఒక పాప, ముందర పండ్లు రెండూ ఊడి ఉండాయి, ఆ పాప ప్రతి విత్తనానికీ టాటా చెప్పి పూడ్చింది. గంగులమ్మ మురిసిపోయిందిలే. సంగతి ఏందంటే, ఆపొద్దు సాయంత్రం హేమలతమ్మ ఒక మాట చెప్పింది. చెడు మాటేం కాదు, మంచికే చెప్పింది. "మొలకలొచ్చినాక మీ మీ చెట్లకు పేర్లు పెట్టండి పిల్లలూ, పేరు పెడితే ప్రేమ పుడుతుంది" అనిందంట. అంతేనప్పా. అక్కడ మొదలైంది.

ఒక్కో పిల్లోడు ఒక్కో చెట్టుకు పెట్టుకుంటాడులే అనుకున్నారు. చేన్లో ఎన్ని చెట్లుంటాయి మీకు తెల్దా? పిల్లోల్లకు పట్టుదల వచ్చింది. ఐస్ పుల్లలు మూటలు కట్టుకోని వచ్చి, పేర్లు రాసి చెట్టుకొక పుల్ల గుచ్చడం మొదలుపెట్టిరి. ముందు వాళ్ల పేర్లే పెట్టుకునిరి, అవైపోయె. అమ్మానాయనల పేర్లు, అవైపోయె. బస్సు డ్రైవరు పేరు, దేవుళ్ల పేర్లు, ఊర్ల పేర్లు, అవీ అయిపోయె. కడాకు ఒక చెట్టు పేరు బెండకాయ, ఒక చెట్టు పేరు గురువారం. ఒక పిల్లోడు ఒక చెట్టుకు లెక్కల సారు అని పెట్టి, వచ్చినప్పుడల్లా దానికి బెత్తం చూపించినాడంట. జోషిత చెట్టు పేరు స్వీటీ. మూడెకరాల్లో పేరు లేని చెట్టు లేదనుకో. ఓబిరెడ్డి అని పక్క చేను ఆయన, గట్టు మీద నిలబడి చూసి, "ఇది చేనా, ఓటర్ల లిస్టా?" అనె.

ఆశ్లేష కార్తెలో కలుపు తీయల్ల. పిల్లోల్లు వచ్చిరి. పేరుంటే చెట్టు, పేరు లేకుంటే కలుపు, పేరు లేనిదాన్ని పీకేయండని గంగులమ్మ చెప్పె. నవ్వొద్దు, ఎవురైనా అదే చెప్తారు. అంతే, జోషితమ్మకు గరిక మీద జాలి కలిగి, గబగబా గరిక్కు కూడా పేర్లు పెట్టేసింది. ఇంక పీకేదానికేం మిగిలింది? పిల్లోల్లు పోయినాక చిన్నోబులేసు ఒక్కడే కూచోని తీసినాడు. ఉత్తినే తీసుంటే బాగుండేది. ఆ మనిషికి కొంచెం అక్షరాలొచ్చు, పుల్లలు చదువుకుంటా తీసినాడు. "అమ్మా వైష్ణవీ, కొంచెం జరుగు తల్లీ. గురువారం, నువ్వు అట్లే ఉండు నాయనా." అట్లా మాట్లాడి మాట్లాడి ఆ మనిషికి ఏమాయనో ఏమో, లెక్కల సారు పక్కన పోవాల్సి వస్తే ఎగ్గట్టిన పంచె దించి, తలగుడ్డ తీసి చంకన పెట్టుకోని, వంగి పోయేవాడంట. గంగులమ్మ చూసి, "ఏమయ్యా, ఎవురికి దండం పెడతాండావు?" అంటే, "నిదానంగా మాట్లాడు మే, సారుకు ఇనపడతాది" అనె.

ఇంతలో ఓబిరెడ్డి మేక వచ్చి ఒక చెట్టు మేసిపాయ. మేకలు మేయకేం చేస్తాయి? ఆ చెట్టు పేరు విక్రాంతు. సంగతి టౌనుకు తెలిసిపోయె. బస్సు బస్సంతా ఏడ్చుకుంటా దిగింది. వరసగా నిలబడి, తలకాయలు వంచుకోని, మౌనం పాటించిరి. హేమలతమ్మకు ఏం చేయల్లో తెలీక, తప్పు చేసినోల్లకు బడిలో ఏం చేస్తామో అదే చేద్దాం అని మేకను ఇంటి గోడ పక్క తిప్పి నిలబెట్టింది. మేక నిలబడిందా అంటే నిలబడింది, నిలబడి గోడకున్న చిక్కుడు తీగంతా మేసింది. సుంకులవ్వ అరుగు మీద కూచోని, "అబ్బోడు చానా మంచోడు పాపం, రేపు కర్మంతరానికి ఎవురెవురొస్తారు?" అని అడిగిందంట. ఆ యమ్మకు కండ్లు సరిగా కనపడవు, నిజంగానే ఎవురో పోయినారనుకునింది.

చిత్త పోయి స్వాతి వచ్చె. ఆకు పండుబారె, కాయ ముదిరె, పీకాల్సిన అదను. ఆ పక్క తుపాను లేసింది, రెండు దినాల్లో కుండపోత అని టీవీలో చెప్పిరి. పీకకుండా వాన పడితే కాయ మన్నులోనే మొలకలొస్తాది, ఏడాది కష్టం పాయ, మళ్లా ఏటికి విత్తనం గింజ కూడా ఉండదు. ఓబిరెడ్డి ముందునాడే పీకి, కుప్పగా గూడు వేసి, పట్ట కప్పేసినాడు. గంగులమ్మ హేమలతమ్మకు కబురు చేస్తే బస్సు వచ్చె. పిల్లోల్లు దిగి చూస్తే ఏముంది, చెట్లన్నీ పచ్చగా పండుబారి ఉండాయి. "పచ్చకామెర్లు!" అని గావుకేకలు పెట్టిరి. ఒక పిల్లోడి నాయన మందుల అంగడాయన, కూడా వచ్చినాడు, ఆయన సిరప్ సీసా మూత తీసి మూడు సాళ్లకు స్పూనుతో తాగించినాడంట, తినకముందు ఒకటి తిన్నాక ఒకటి అని చెప్పి మరీ. గంగులమ్మ కొంగు బిగించి, "ఇవి ఇప్పుడు పీకల్ల నాయనా" అనింది. పీకడమా! పిల్లోల్లు చేతులు చేతులు పట్టుకోని చేను చుట్టూ నిలబడిపోయిరి. జోషిత పోయి స్వీటీ మీద బోర్లా పడుకునింది. హేమలతమ్మ బతిమాలె, బుజ్జగించె, బెదిరించె, ఒక్కరూ కదల్లేదు. ఆ వరసలో మధ్యన, తలగుడ్డ చంకన పెట్టుకోని, చిన్నోబులేసు కూడా నిలబడుండాడు.

"ఏమయ్యా, నువ్వు ఆ పక్క నిలబడితివే?"

"నావల్ల కాదు మే. లెక్కల సారును ఏ చేత్తో పీకేది?"

మబ్బు గుట్ట మీదికి దిగె. గంగులమ్మ ఒక్కతే పోయి ఒక చెట్టు పట్టుకునింది. జోషిత లేచి, వేలు చూపించి, "నువ్వు టీచర్ కాదు, రాక్షసివి!" అనె. అప్పా, ఆ మాటతో ఆ యమ్మ ఊపిరంతా పాయ. చెట్టు వదిలేసి, అట్లే సాళ్లో చతికిలపడి, చిన్నపిల్ల మాదిరి ఏడ్చింది. నేను బడికి పోవాల్సినపుడు పోలేకపోతిని, ఇప్పుడు బడే నా చేన్లోకి వస్తే నేనిట్లా అయితిని అని ఏడ్చింది. పిల్లోల్లు బిత్తరపోయిరి. ఏడ్చి ఏడ్చి, ముక్కు చీది, కోపమొచ్చి అరిచె. "ఓ పాపా, అది కడుపుతో ఉండాది తెల్సునా నీకు? నిండు నెలలు! మన్ను కింద దాని పిల్లోల్లుండారు. మీరు ఇట్లా అడ్డం నిలబడి, పైన వాన పడితే, బయటికొచ్చే దారి లేక అన్నీ లోపలే చస్తాయి!"

పిల్లోల్లందరూ వంగి మన్ను పక్క చూసిరి.

"స్వీటీ ప్రెగ్నెంటా?" అనె జోషిత.

ఇంక చూడు. వరస చెదిరిపోయె. "కాన్పు! కాన్పు!" అని కేకలు. సుంకులవ్వ ఆ కాలంలో ఊర్లో సగం మందికి మంత్రసాని, కాన్పు అనే మాట చెవిన పడేటప్పటికి అరుగు మీద నుంచి దుంకింది. "వేణ్ణీళ్లు పెట్టండి! మొగోళ్లు బయటికి పోండి!" అనె. బయటంటే ఎక్కడికి పోయేది, అది చేను కదా, మొగపిల్లోల్లు పక్క చేన్లోకి పోయి మళ్లా వచ్చిరి. ఓబిరెడ్డి పెద్ద గంగాళం తెచ్చి, మూడు రాళ్లు పెట్టి, నీళ్లు మరగబెట్టినాడు, ఎందుకో ఆయనకూ తెలీదు. జోషిత చెట్టు మొదలు పట్టుకోని, "ముక్కు స్వీటీ, గట్టిగా ముక్కు, అయిపాయ అయిపాయ" అని వాళ్లమ్మ కాన్పుకు ఎవురో చెప్పినట్ల చెప్పుకుంటా, నిదానంగా లాగె. మన్ను చీల్చుకోని వచ్చినాయప్పా కాయలు, గుత్తులు గుత్తులు. ఆ పాప వెల్లకిలా పడి, "స్వీటీకి ఇరవై మంది!" అని అరిచె. అంతే, చేనంతా పురిటి కేకలే. గురువారానికి కవలలు, బెండకాయకు తల్లీబిడ్డా క్షేమం. చిన్నోబులేసు వంగి వంగి సారు దగ్గరికి పోయి, "క్షమించండి సార్" అని లాగినాడు. లెక్కల సారు సుఖంగా ప్రసవించె. చిన్నోబులేసు ఆ చెట్టును గుండెకు అదుముకోని వలవలా ఏడ్చినాడంట, పిల్లల్లేని మనిషి కదా. గంగులమ్మ పక్కకొచ్చి, కొంగుతో ఆ మనిషి మొగం తుడిచి పాయ.

పీకినాక మళ్లా పేచీ. కాయలు తెంపల్ల అంటే, తల్లీపిల్లల్ను విడదీస్తారా అని పిల్లోల్లు తగులుకునిరి. సుంకులవ్వ కసిరింది. "కాన్పయినాక బొడ్డు కొయ్యకుంటే ఎట్ల? మీకు కోసిండారా లేదా?" పిల్లోల్లందరూ అంగీలెత్తి బొడ్లు చూసుకునిరి. కోసిండారు. ఇంకేం మాట్లాడతారు? టీచరమ్మ, మందుల అంగడాయన, బస్సు డ్రైవరు అందరూ కూచోని తెంపిరి. చినుకులు పడేటప్పటికి కాయంతా ఇంట్లో ఉండాది, మనుషులు కూడా ఇంట్లోనే ఉండారు, ఒకరి మోకాళ్ల మీద ఒకరు.

పొద్దున్నించి తిండి లేదు. బయట జోరున వాన. గంగాళంలో నీళ్లు కుతకుత ఉడకతాండాయి, ఏం చేయల్లో తెలీక దాన్ని కూడా ఇంట్లోకి మోసుకోనొచ్చిండారు. ఓబిరెడ్డి గమ్మున పోయి, తన గూట్లోనుంచి గంపెడు కాయలు తెచ్చి, దాంట్లో పోసి, గుప్పెడు ఉప్పేసినాడు. వాసన లేసింది. పచ్చి శెనక్కాయ ఉడికే వాసన ఎట్లుంటాదో మీకు చెప్పల్లనా! పిల్లోల్లు ఒకరి మొగం ఒకరు చూసుకోని గుటకలు మింగుతాండారు గానీ, ఎవురూ చెయ్యి పెట్టరు. కడాకు జోషిత, ఉడికిన కాయ ఒకటి అరచేతిలో పెట్టుకోని, అటు తిప్పి ఇటు తిప్పి, "ఇది ఎవరి పిల్ల?" అని అడిగె.

గంగులమ్మ ఓబిరెడ్డి పక్క చూసె. ఓబిరెడ్డి గంగులమ్మ పక్క చూసె. "మావి కావమ్మా, పక్క చేనివి. వాటికి పేర్లు లేవు" అనె గంగులమ్మ.

"ఐతే తింటా" అని నోట్లో వేసుకునింది. చూస్తాండంగానే గంగాళం అడుగు కనపడె. సుంకులవ్వ పండ్లు లేకపోయినా చిగుళ్లతో నమిలె. వాన తగ్గినాక బస్సెక్కేటప్పుడు, జోషిత మళ్లా దిగొచ్చి గంగులమ్మ చీర పట్టుకోని, "టీచర్, రాక్షసి అన్నా కదా, అది రబ్బర్‌తో చెరిపేయొచ్చా?" అనింది. గంగులమ్మ వంగి, ఆ పాప తడి తలను కొంగుతో తుడిచి, బస్సు దాకా ఎత్తుకోని పోయి ఎక్కించి వచ్చె.

అదప్పా జరిగింది. పంట ఇంటికొచ్చె, అందరూ బాగుండారు. బస్సు కదిలేటప్పుడు హేమలతమ్మ కిటికీలోనుంచి తల బయటపెట్టి, ఎండాకాలానికి కోళ్ల పాఠం పెట్టుకుందాం గంగులమ్మ గారూ, గుడ్లు పొదిగించేది పిల్లలే చూస్తారు అని చెప్పిపోయిందంట. పొదిగించేది చూస్తారో, పొదుగుతారో, ఆ హోరులో సరిగా ఇనపడలేదు. చిన్నోబులేసుకు మాత్రం పొదుగుతారు అనే ఇనపడింది, తనను కూడా గుడ్ల మీద కూచోబెడతారేమోనని భయం పట్టుకునింది. ఆపొద్దు నుంచి యాడన్నా బస్సు హారను ఇనపడితే చాలు, ఆ మనిషి చేస్తాండే పని వదిలేసి గుట్టెక్కి కూచుంటాడు. మీలో ఎవురన్నా రేపు ఆ పక్క పోతే, అది సంత బస్సే, దిగొచ్చి సంగటి తినమని కొంచెం చెప్పండి.