ఊ అన్నది జవాబు కాదు

పందొమ్మిది వందల ఎనభై ఎనిమిదో సంవత్సరం జూన్ నెల పదమూడో తేదీ, సోమవారం ఉదయం ఏడున్నర గంటలకు, ఇస్త్రీ మడత చెదరని తెల్లని దుస్తులతో, కొత్త చెప్పులు కరిచిన మడమలతో మన ఆసుపత్రి పురుషుల శస్త్రచికిత్స వార్డులో విధులలో చేరిన ఇరవై రెండేళ్ల యువతి, ముప్పై ఆరు సంవత్సరాల నిరంతర సేవ అనంతరం, అదే వార్డుకు ఇన్‌ఛార్జిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఆమెను మనమందరం పెద్ద సిస్టర్ గారు అనే పిలుస్తాము. ఈ ప్రత్యేక సంచికకు అభినందన వ్యాసం రాయడానికి అనుమతి కోరినప్పుడు ఆమె ఒక షరతు పెట్టారు. "పొగడ్తలు మీ ఇష్టం. ఆ సర్వరు సంగతి రాయకపోతే మాత్రం నా ఊసే ఎత్తొద్దు," అన్నారు. ఆ షరతుకు లోబడి ఈ వ్యాసం సాగుతుంది. సన్మాన సంచికలో సంతోషమే ఉండాలని ఆశించేవారు ఈ పుటలు దాటవేసినా తప్పుపట్టబోము.

తొలి ఆరేడు సంవత్సరాలలో ఆమె సంపాదించిన వృత్తి నైపుణ్యం గురించి ఎంత చెప్పినా తక్కువే. రోగిని మంచం దించకుండానే దుప్పటి మార్చడం, పక్కకు తిప్పేటప్పుడు కుట్ల మీద బరువు పడకుండా మోకాలు మడిచి ఉంచడం, వీపు మీద చర్మం ఎర్రబారిన మొదటి రోజే పసిగట్టి పుండు పడకుండా కాపాడడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. రెండు వరుసలలో ముప్పై రెండు ఇనుప మంచాలు, చివర ఒకే ఒక కుళాయి, తలుపు పక్కన బల్ల మీద స్పిరిట్ గిన్నెలో నిలబెట్టిన థర్మామీటర్లు, ఒక్కొక్క పూటకు ఇద్దరంటే ఇద్దరు నర్సులు. ఆ వార్డులో సూది గుచ్చినట్టు తెలియకుండా సూది వేసే చేయి ఆమెది అని రోగులు ఒకరికొకరు చెప్పుకునేవారు.

చేతిని మించి మంచిది ఆమె నోరు. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు కదా, ఆమె అడుగుపెడితే వార్డంతా చుట్టాల ఇల్లయ్యేది. పెద్దవారు బాబాయ్, ముసలివారు తాత, ఈడువారు అన్నయ్య; అసలు పేరుతో పిలిపించుకున్న రోగి లేడు. అయితే అంత చక్కటి నోటికి ఒక అలవాటుండేది. ప్రశ్న తానే అడిగి, జవాబు కూడా తానే అందించేవారు. "నిద్ర బాగా పట్టిందిగా బాబాయ్? జ్వరం తగ్గిందిగా తాతా?" అంటూ ఒక మంచం దగ్గర మొదలైన ప్రశ్న తరువాతి మంచం చేరేసరికి ముగిసేది. రోగి ఊ అనేవాడు. ఊ వినపడగానే కలం కాగితం మీద పడేది. ముప్పై రెండు మంచాలున్న చోట ఊకు మించిన జవాబు కోసం ఆగే తీరిక ఎవరికుంది?

పందొమ్మిది వందల తొంభై ఐదులో, ఆమె సర్వీసు ఎనిమిదో ఏట, కడుపులో పుండుకు ఆపరేషన్ అయిన ఒక హోటల్ సర్వరు పంతొమ్మిదో నంబరు మంచం మీద ఉన్నారు. వయసు యాభై నాలుగు. ముప్పై ఏళ్లుగా బల్ల బల్లకూ తిరిగి ఎవరికేం కావాలో అడగడమే తప్ప తనకు ఫలానాది కావాలని ఎవరినీ అడిగి ఎరగని మనిషి, నోట్లో నాలుక లేని మనిషి. నర్సు వస్తే పడుకుని ఉండడం మర్యాద కాదని కుట్లతో లేవబోయి తిట్లు తిన్నవారాయన. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆయనకు అడగడం చేతకాదు, మన సిస్టర్ గారికి ఆగడం చేతకాదు.

ఆపరేషన్ అయిన మూడో రోజు ఉదయం ఎనిమిదింటికి ఆమె, "నొప్పి తగ్గిందిగా బాబాయ్?" అన్నారు. ఆయన ఊ అన్నారు. ఆమె నొప్పి తగ్గింది అని రాశారు. నాడి కాస్త వేగంగా ఉంటే, భయస్థుడు కదా అనుకున్నారు. పదకొండింటికి మళ్లీ అడిగారు, మళ్లీ ఊ, మళ్లీ అదే రాశారు. రెండింటికీ అంతే. సాయంత్రం నాలుగింటికి చొక్కా ఎత్తి చూసేసరికి కడుపు చెక్కలా బిగుసుకుపోయి ఉంది. లోపల కుట్టు ఊడి, పొద్దుటి నుంచీ కడుపులోకి కారుతోంది. హడావిడిగా మళ్లీ ఆపరేషన్ గదికి తీసుకుపోయారు. మరునాడు ఉదయం ఆయన చనిపోయారు.

ఖాళీ అయిన మంచానికి దుప్పటి మారుస్తుంటే పక్క మంచం మీది లారీ డ్రైవరు ఆమెను పిలిచారు. "మీరు అటు తిరిగారో లేదో పళ్లు బిగబట్టి మూలిగేవాడు సిస్టర్. పిలవమంటావా అని నేనే రెండుసార్లు అడిగా. వద్దన్నాడు. ఆ పిల్లకి ఊపిరాడనంత పనుంది, పాపం ఎందుకులే అన్నాడు." సిస్టర్ గారు చేతిలోని దుప్పటి ఎంతసేపటికీ మంచం మీద పరవలేకపోయారు.

కూతురికి కబురు చెప్పవలసింది కూడా ఆమే. పాతికేళ్ల ఆ అమ్మాయి వరండా బల్ల మీద కూర్చుని ఒక్కటే అడిగింది. "నొప్పని ఏమైనా అన్నారా సిస్టర్, నాన్న?" సిస్టర్ గారు ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, "లేదమ్మా. బాగానే ఉందన్నారు. నొప్పి తెలీకుండానే పోయారు," అన్నారు. ఆ మాటకు ఆ అమ్మాయి ముఖంలో కాస్త నెమ్మది కనిపించింది. కేసు కాగితాలు బీరువాలోకి పోయాయి. విచారణ జరగలేదు. రాసింది నిజమేనా అని ఎవరూ, ఏనాడూ ఆమెను అడగలేదు.

ఆ తరువాత ఆమె మారిన తీరు మనకందరికీ తెలిసిందే, కారణం మాత్రం తెలియదు. వాగుడు తగ్గింది. ప్రతి మంచం పక్కనా ఒక స్టూలు కావాలని పట్టుబట్టి, నర్సులు కూర్చోవడానికా పని చేయడానికా అని ఎత్తిపొడిచిన వారితో రెండేళ్లు పోరాడి సాధించారు. రెండు వేల సంవత్సరంలో మన నర్సింగ్ స్కూలులో బోధించడం మొదలుపెట్టాక, మొదటి తరగతిలోనే బల్ల మీద వేలితో కొట్టి చెప్పేవారు. "ఊ అన్నది జవాబు కాదు. ఊ అనడానికి వీలున్న ప్రశ్న ప్రశ్నే కాదు. నొప్పి తగ్గిందా అనొద్దు. ఎక్కడుంది, ఎలా ఉంది, చేత్తో చూపించమనండి. అడిగాక నోరు మూసుకుని ఆయన ముఖం చూడండి. ముందు ముఖం, తర్వాతే కాగితం." విద్యార్థినులు ఆమె వెనక ఊ అంటూ వెక్కిరించుకునేవారు. రోగి దగ్గరకు వెళ్లాక మాత్రం ఒక్కరూ ఆ తప్పు చేసేవారు కారు. ఆమె భర్త ఒకసారి మన వార్షికోత్సవంలో, "మా ఇంట్లో అన్నం తిన్నావా అని అడగదండీ, ఏం తిన్నావు, ఎంత తిన్నావు, ఎందుకు మిగిల్చావు అంటుంది. ఇరవై ఏళ్లుగా నేను ఇంటర్వ్యూలోనే ఉన్నాను," అని అందరినీ నవ్వించారు. సిస్టర్ గారు కూడా నవ్వారు గానీ ఆ నవ్వు కళ్లదాకా రాలేదు.

రెండు వేల పదిలో వార్డు ఇన్‌ఛార్జి అయ్యారు. ఉత్తమ సేవా ప్రశంసాపత్రం మూడుసార్లు అందుకున్నారు, మూడూ ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఉన్నాయి. గోడకు ఎందుకు తగిలించరని అడిగితే, మొహం చెల్లదు అనేవారు. వినయం కాబోలు అనుకున్నాము. వెళ్లి ఆ కూతురికి నిజం చెప్పాలని ప్రతి సంవత్సరం అనుకోవడం, ప్రతి సంవత్సరం వెనక్కి తగ్గడం, ఇదీ లోపల జరుగుతున్న కథ. ఉద్యోగంలో ఉండగా చెప్పకపోతే, పదవీ విరమణ చేశాక చెప్పిన నిజానికి విలువేముంది? పోయేదేమీ లేనప్పుడు ఎవరైనా చెబుతారు. అలా సర్వీసులో మిగిలిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టేదాకా వచ్చాయి.

గత నెల ఒక ఉదయం సెలవు పెట్టి వెళ్లారు. ఆ సర్వరు పనిచేసిన హోటల్ ఉన్న వీధిలోనే, మెట్ల కింద చిన్న గదిలో ఆ కూతురు బట్టలు కుడుతున్నారు. ఇప్పుడామెకు యాభై నాలుగేళ్లు, తండ్రి పోయిన వయసే. చూడగానే గుర్తుపట్టారు. "ఆస్పత్రి సిస్టర్ కదూ? ఆ రోజు నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు, ఎలా మర్చిపోతానండీ. రండి, కూర్చోండి," అని కుర్చీ మీది గుడ్డముక్కలు తీసి చోటిచ్చారు. ఆ ఆదరణకే సగం మంది మంచినీళ్లు తాగి తిరిగి వచ్చేసి ఉండేవారు. సిస్టర్ గారు నీళ్లు నమలలేదు. మూడు ఊలు, మూడుసార్లు రాసిన తప్పుడు మాట, డ్రైవరు చెప్పినది, వరండాలో ఆడిన అబద్ధం, అన్నీ వరుసగా చెప్పారు.

మిషను చక్రం మీద కూతురి చెయ్యి ఆగిపోయింది. "ఎంతసేపు?" అని అడిగారు.

"పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా."

"ఎనిమిది గంటలు."

"అవునమ్మా."

"నొప్పి లేకుండా పోయాడు నాన్న, అదొక్కటే మాకు దక్కిందనుకున్నా ఇన్నాళ్లూ. మీరు రిటైరవుతున్నారని, మీ బరువు దించుకోడానికి అది కూడా పట్టుకుపోతారా సిస్టర్?"

సిస్టర్ గారికి క్షమించమనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే ఆ మనిషి మర్యాదకైనా ఊ అనవలసి వస్తుందని మింగేశారు.

తెర వెనక మంచం మీద నుంచి ఒక ముసలి గొంతు వినిపించింది. "ఆవిణ్ణి ఏమీ అనకే. నాకు తెలుసు."

"నీకెలా తెలుసమ్మా?"

"మీ నాన్న ఊ అనడంలో నాలుగు రకాలున్నాయి. వింటున్నానని ఒకటి, వినడం లేదని ఒకటి, సరేనని ఒకటి. పళ్ల మధ్య నుంచి వచ్చేది ఇంకొకటి, అది బాధది. ఇరవై ఎనిమిదేళ్ల కాపురం, ఆ మాత్రం తెలీదా? స్ట్రెచర్ మీద తోసుకుపోతుంటే ఎలా ఉందయ్యా అన్నాను. ఊ అన్నారు. అది విన్నాక ఇంకొకరు చెప్పాలా నాకు? నువ్వేడుస్తావని చెప్పలేదు." ఆ గొంతు సిస్టర్ గారి వైపు తిరిగింది. "ఆ రోజు పొద్దున్నే వచ్చానమ్మా నేను. గేటు దగ్గర మీరే అడ్డం వచ్చారు. బాగానే ఉన్నారు, నాలుగింటికి రండి అన్నారు. నన్ను లోపలికి రానిచ్చి ఉంటే ఎనిమిదింటికే చెప్పేదాన్ని కదమ్మా."

ఆ సంగతి సిస్టర్ గారికి గుర్తే లేదు. రోజుకు పాతికమందిని అలా వెనక్కి పంపేవారు, అది నియమం. ఇరవై తొమ్మిదేళ్లుగా తాను మోస్తున్నది తప్పులో సగమేనని ఆ కుర్చీలో కూర్చుని తెలుసుకున్నారు. కూతురు ఏడ్చినంతసేపూ అక్కడే ఉన్నారు, ఇక వెళ్లమన్నాక లేచారు. ఇదంతా సంచికలో రాయవచ్చునా అని తరువాత అడిగించగా, "రాయండి. చదివి ఇంకో నలుగురు ఆగుతారేమో," అని తల్లి చెప్పి పంపారు.

మరునాడు ఉదయం డ్యూటీకి వచ్చిన వెంటనే ఆమె ఒక దరఖాస్తు రాశారు. నర్సు నొప్పి గురించి అడిగే ప్రతి పూటా రోగి పక్కన ఇంటిమనిషి ఒకరు ఉండడానికి అనుమతించాలని, నాలుగే నాలుగు వాక్యాలు. అది మూడు వారాలుగా ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి తిరుగుతున్నది. అడిగినప్పుడల్లా పరిశీలనలో ఉందంటున్నారు. పెద్దలు మన్నించాలి, అది కూడా ఊ అనడమే. వీడ్కోలు సభలో శాలువా కప్పే చేతులు అంతకుముందే ఆ కాగితం మీద సంతకం చేస్తే, ఆమెకు అంతకన్న సన్మానం అక్కరలేదు.

పెద్ద సిస్టర్ గారికి మన ఆసుపత్రి సిబ్బంది తరఫున సంపూర్ణ ఆరోగ్యాన్ని, నిండు నూరేళ్ల ఆయుష్షును, కంటి నిండా నిద్రను మనసారా కోరుకుంటున్నాము. శరీరమన్నాక ఏనాటికైనా ఆమె కూడా ఒక మంచం మీద పడుకోక తప్పదు. ఆ రోజున ఆమె ముఖం చదవగలిగిన ఆమె భర్త ఉదయాన్నే వస్తారు. ఆయనను గేటు దగ్గర ఎవరూ ఆపకుండుగాక.