రెండు వారాలు ఆగాల్సిందే

పడకగదిలో సగం సర్దిన సూట్‌కేసు. దానికి అటు అత్తగారు. ఇటు, నిద్రపోతున్న ఎనిమిది నెలల పాపను భుజాన వేసుకున్న కోడలు.

“ఏంటీ? ఇంకోసారి చెప్పు.”

“టికెట్లు మార్పించాను అత్తయ్యా. నాదీ, బుజ్జిదానిదీ. ఎల్లుండి మీరంతా వెళ్ళండి. మేం రెండు వారాలాగి వస్తాం.”

“ఎల్లుండి ప్రయాణం పెట్టుకుని, చెప్పడం ఇప్పుడా?”

“నాకూ ఇవాళే తెలిసింది. మీ ఆడపడుచుగారి ఊళ్ళో పిల్లల్లో తట్టు తిరుగుతోందట. క్లినిక్‌లో నర్సు దీనికి టీకా వేసింది. అది ఒంటికి పట్టాలంటే రెండు వారాలు...”

“వేయించేశావా? మమ్మల్ని అడక్కుండానే?”

“అడిగితే వద్దంటారని.”

“ఓహో! అదేమన్నా పరాయి దేశమా? మనవాళ్ళుండే చోటు. మీ ఆయన్ని చంకనేసుకుని ఎన్నిసార్లు వెళ్ళలేదూ! అప్పుడెవరు వేశారు ఈ సూదులు?”

“అప్పుడేం కాలేదు. ఇప్పుడూ కాకూడదనే.”

“మా ఆడపడుచు డెబ్బయ్యో పుట్టినరోజాయె. మనవరాల్ని ఒళ్ళో కూచోబెట్టుకోవాలని ఒకటే కలవరింత. పాప రాలేదంటే మా ముఖం ఎక్కడ పెట్టుకోవాలి?”

“తప్పంతా నా మీదకి తోసెయ్యండి. కోడలు మొండిదనండి.”

“అంటారు. నోరుందనీ అంటారు. తల్లి పెంపకమనీ అంటారు.”

“అననివ్వండి. మాటలు పడితే తట్టు రాదుగా.”

“మావాడేమన్నాడు?”

“మీ అబ్బాయా? ఆగుతానంటే నాకూ తలూపారు, అందరం వెళ్దామంటే వాళ్ళ నాన్నకీ తలూపారు. ఆ మెడ ఎలా నిలబడుతోందో!”

“నవ్వు రావట్లేదు నాకు. మీ మామయ్య ‘నడు’ అంటే?”

“నడవను.”

“అరిస్తే?”

“అరవనివ్వండి. ఇది లేస్తుంది. ఆయనే జోకొట్టుకోవాలి.”

“పాపని మేమే తీసుకుపోతాం, నువ్వు ఉండిపో అంటే?”

“దీన్ని నా భుజం మీంచి తియ్యాలంటే ముందు నా చెయ్యి విరిచెయ్యమనండి.”

“ఆయన ముందూ ఇదే మాటా?”

“ఇదే. మాట మారదు.”

“ఆఁ, చాలు. గేటు చప్పుడైంది, మీ మామయ్య వచ్చారు. ఆయన అడగబోయేవన్నీ నేనే ముందు అడిగి చూశా. ఒక్కదానికీ వెనక్కి తగ్గలేదు నువ్వు. పద, పక్కనే నిలబడతా. మొదలు నువ్వు పెట్టు. ఈ ఇంట్లో నేనెన్నడూ అనని ‘కుదరదు’ ఒకటుంది, అది మాత్రం నాకొదిలెయ్.”